లోపలి గడియ

ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఒళ్ళో తువ్వాళ్ళ దొంతర ఉంది. ఆయన వచ్చి ఆ దొంతర మీదే పెద్ద కాగితం పరిచి, "చూడు, మొట్టమొదట నీ వంటగదే గీశాను," అన్నారు.

నిజమే. స్కేలు పెట్టి గీసిన గీతలన్నిటిలోకీ ముదురుగా కనిపిస్తున్నది గ్యాస్ పొయ్యి. రెండు బర్నర్లు, పక్కన సింకు, సింకు కింద గిన్నెల అర, దాని పక్కన డబ్బాల అర. మిగిలిన చోట అడ్డంగా ఒక మంచం. మంచం మీద ఇద్దరు మనుషుల బొమ్మలు కూడా వేశారు, ఒకటి పొడుగ్గా, ఒకటి కురచగా. కురచ బొమ్మ తలుపు వైపు ఉంది. నేనే ఎందుకు తలుపు వైపు అని అడగబోయి ఊరుకున్నాను. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు, మంచానికి బయటి అంచు ఎప్పుడూ నాదే. ముందు లేచేవాళ్ళే కదా అటు పడుకోవాల్సింది. పాలు, నీళ్ళు, గుమ్మం ముందు చెత్తబుట్ట, అన్నీ ఆ అంచు మీంచి నేను కాళ్ళు కిందికి దించిన దగ్గర మొదలవుతాయి. ఆయన గోడ వైపు. గోడ వైపు పడుకున్న మనిషికి తెల్లవారడమంటే టీ వాసన రావడమే.

ఆయన కాగితం చుట్టుకుని వెళ్ళాక చూస్తే కింద తువ్వాళ్ళన్నీ నలిగిపోయి ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి మడతపెట్టుకున్నాను.

మా ఆడపడుచు వాళ్ళది ఫంక్షన్లకి కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. జీపు వెనక తగిలించుకుని కుర్చీలు తీసుకెళ్ళే ట్రైలర్ ఒకటి వాళ్ళ దగ్గర చాలా ఏళ్ళు తిరిగింది. పది అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు, నాలుగు వైపులా రేకు, వెనక ఒక తలుపు. వాళ్ళు లారీ కొనుక్కున్నాక అది మూలపడింది. "అన్నయ్యా, నువ్వేమన్నా చేసుకుంటానంటే తీసుకుపో," అని పాత జీపుతో సహా ఇచ్చేసింది. ఈయన సర్వేయరు. ముప్పై అయిదేళ్ళు భూములు కొలిచిన మనిషి. రిటైరైన మూడో రోజున కొలవడానికి ఏమీ తోచక ఇంట్లో గుమ్మాలు కొలిచారు, వారం తిరిగేసరికి నేను కూర ఎంత సేపట్లో తరుగుతున్నానో కొలవడం మొదలుపెట్టారు. అందుకని పెరట్లోకి ట్రైలర్ వచ్చిన రోజు, నిజం చెప్పాలంటే, ఆయన కంటే ఎక్కువ సంతోషించింది నేనే.

దాన్ని చక్రాల మీద ఇల్లు చేస్తారట. ఏడాది పాటు ఊళ్ళు తిరుగుతారట. "రోడ్డు ఎటు పోతే అటు పోదాం. ఎక్కడ చీకటి పడితే అక్కడ పడుకుందాం. నువ్వు వేడిగా వండిపెడుతుంటే చెరువు గట్టునో, కొండ కిందో కూర్చుని తింటాం. ఇంకేం కావాలి మనిషికి," అన్నారు. ఆయన అంటున్నంతసేపూ నాకూ కళ్ళ ముందు కొండ కనబడింది, నీళ్ళూ కనబడ్డాయి. నేను ఎక్కడికీ పెద్దగా వెళ్ళినదాన్ని కాదు, కాబట్టి వెళ్ళడం అనే మాట వింటేనే నా ఒంట్లో ఏదో కదులుతుంది. కానీ ఎంత ప్రయత్నించినా ఆ నీళ్ళ ఒడ్డున కూర్చున్న నన్ను నేను చూసుకోలేకపోయాను. నేను ఎప్పుడూ ట్రైలర్ లోపలే ఉన్నాను, పొయ్యి వైపు తిరిగి.

మా ఆడపడుచుకి ఫోన్లో చెప్తే, "నీ అదృష్టం వదినా. మా ఆయనకి ఇట్లాంటి ఆలోచనలే రావు," అంది.

మర్నాడు ఆయన ఇంకో కాగితం తెచ్చారు. ఇది చిన్నది, టైపు చేసినది. కుటుంబ కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నానని నేను మా మేడమ్‌కి రాస్తున్న ఉత్తరం. నాకు ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. "అది ఉద్యోగమా ఏమన్నానా, కాలక్షేపం. ఇన్నాళ్ళు చేసింది చాల్లే. సంతకం ఒక్కటి పెట్టు, ట్రైలర్ పని అయిపోయిన రోజు ఇద్దువుగాని," అన్నారు. సంతకం పెట్టాను. ఆయన వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడం నాకు అలవాటే. ఉత్తరాన్ని నాలుగు మడతలు చేసి హ్యాండ్‌బ్యాగు జిప్పు అరలో పెట్టుకున్నాను. తర్వాత మూడు నెలలు అది నాతో పాటు బస్సెక్కింది, దిగింది.

నేను పనిచేసేది యూనిఫారాలు కుట్టే చోట. స్కూలు పిల్లలవి, నర్సులవి, సెక్యూరిటీ వాళ్ళవి. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, ఒకదాని మీద ఒకటి యాభై పొరలు వేసి, పై పొర మీద సుద్దతో గీస్తాను. నేను గీసినదాన్ని కరెంటు కత్తెరతో కోసేది మాస్టరు. ఇరవై రెండేళ్ళలో ముగ్గురు మాస్టర్లు మారారు. సుద్ద మాత్రం నా చేతిలోనే ఉంది. "ఆడవాళ్ళ చేతికి కత్తెర ఇస్తే యాభై జతలు ఒక్క దెబ్బతో పోతాయి," అని మొదటి మాస్టరు ఎప్పుడో అన్న మాట అక్కడ రూలైపోయింది. ఎక్కడ కోయాలో చెప్పేది నేనే, కోస్తే మాత్రం పాడు చేస్తానట. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత నవ్వొచ్చేది. ఈమధ్య రెండూ రావడం మానేశాయి, దాంతో నాకే నా మీద కాస్త భయం వేసింది.

ట్రైలర్ పని మొదలైన ఆదివారం ప్లాను మరోసారి చూశాను. మంచం పొడవు ఆరడుగులు అని రాసి ఉంది. ట్రైలర్ వెడల్పూ ఆరడుగులే. నా పని పుణ్యమా అని ఆ అంకె చూడగానే చేతికి ఏదో తగిలినట్టయింది.

"ఏవండీ, ఈ కొలత బయట నుంచి తీసిందా, లోపల నుంచా?"

"ఎటు నుంచి తీస్తే ఏం? ఆరంటే ఆరే."

"లోపల ముందు చెక్క ఫ్రేము కొడుతున్నాం కదా. దాని మీద థర్మోకోలు, దాని మీద ప్లైవుడ్డు. లైనింగ్ చోటు తింటుంది. ఒక్కో వైపు మూడంగుళాలన్నా పోతాయి."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇదేమన్నా జాకెట్టు అనుకున్నావా, లైనింగ్ వేసి కుట్టడానికి. మైళ్ళకి మైళ్ళు భూములు కొలిచాను నేను."

భూమికి లైనింగ్ ఉండదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా గొలుసు లాగితే ఎంత వస్తే అంతే, పైన ఆకాశం. ఆయన తప్పు అక్కడుంది. పాపం ఆయన జీవితంలో లోపలి వైపు నుంచి కొలవాల్సిన వస్తువు ఎప్పుడూ తగల్లేదు.

పని ఇద్దరం కలిసి చేస్తున్నామని ఆయన అందరికీ చెప్పేవారు. రంపపు పొట్టు పడక ఆయనకి తుమ్ములు, వంగితే నడుం నొప్పి, అందుకని మామిడి చెట్టు నీడలో కుర్చీ వేసుకుని ప్లాను పట్టుకుని కూర్చునేవారు. మిగతాది నేను. సాయంత్రం బస్సు దిగి, అన్నం వండి పడేసి, ఉన్న వెలుతురులో గంట. ఆదివారాలు పూర్తిగా. వాళ్ళూ వీళ్ళూ చూడడానికి వస్తే, "మా ప్రాజెక్టు," అని చేత్తో ట్రైలర్‌ని చూపించి, "ఈవిడ కూడా బాగా సాయం చేస్తోంది," అనేవారు.

అయినా నాకు ఆ పని నచ్చింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పైకప్పు మూలల్లో రేకు వంపు తిరిగి ఉంటుంది, ప్లైవుడ్డుని ఆ వంపుకి సరిగ్గా కోయాలి. పాత న్యూస్‌పేపర్లు అతికించి, వంపుకి ఆనించి, గోరుతో నొక్కి, చొక్కాకి చంక దగ్గర వంపు కోసినట్టే కాగితాన్ని కత్తిరించుకున్నాను. దాన్ని చెక్క మీద పెట్టి సుద్దతో గీశాను. గీశాక మామూలుగా చెయ్యి ఆగిపోయింది, మాస్టరు వచ్చి కోస్తాడన్నట్టు. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. అద్దెకి తెచ్చిన కరెంటు రంపం నా పక్కనే ఉంది. నేనే కోశాను. ముక్క తీసుకెళ్ళి మూలలో పెడితే మేకు కొట్టకుండానే నిలబడింది. ఆ రోజంతా ఒంటి మీద తేలికపాటి జ్వరం వచ్చినట్టు తిరిగాను.

ట్రైలర్ నేల చెక్కది. దాని నిండా చుక్కలు. ఏళ్ళ తరబడి కుర్చీల కాళ్ళు ఒరుసుకుని, గుచ్చుకుని చేసిన గుంటలు, వేలకి వేలు. ప్లానులో దాని మీద రబ్బరు షీటు వేయాలని రాసి ఉంది. నాకు వేయబుద్ధి కాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు చెప్పులు విప్పి ఆ చుక్కల మీద నడిస్తే అరికాలికి ఎవరెవరో తగులుతున్నట్టుండేది. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని మీటింగుల్లో, ఎంతమంది ఆడవాళ్ళు ఈ కుర్చీల్లో చివరి వరసలో, లేవాల్సి వస్తుందేమోనని అంచు మీద కూర్చుని ఉంటారో అనిపించేది.

ఎడమ గోడకి ఫ్రేము కొట్టిన రోజు రెండోసారి చెప్పాను. టేపు పట్టి చూపించాను కూడా. "ఇటు మూడు పోయింది, అటూ మూడు పోతుంది. మంచం అయిదున్నర అడుగులే వస్తుందండీ." ఆయన పొడుగు అయిదడుగుల పది అంగుళాలు. ఆయన అప్పుడు ఫోన్లో ఎవరికో ప్లాను వివరిస్తున్నారు. చేత్తో ఫోను మూసి, "ప్లాను ప్రకారం కొట్టుకుపో. మధ్యలో నీ తెలివి వద్దు," అన్నారు. ప్లాను ప్రకారమే కొట్టుకుపోయాను.

వాన పడిన ఆదివారం సంగతి చెప్పాలి. అసలు చెప్పాల్సింది అదే.

అప్పటికి కిటికీలు కోయలేదు. నేను లోపల మూలలో కూర్చుని థర్మోకోలు ముక్కలు సర్దుతున్నాను. గాలి లేచింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఆయన కుర్చీలోంచి లేచి, లోపల చెక్కలు తడుస్తాయని తలుపు మూసి, బయట ఇనప కడ్డీ దించి, ఇంట్లోకి వెళ్ళి పడుకున్నారు. నేను లోపల ఉన్నానేమోనన్న అనుమానం ఆయనకి రాలేదు. వాన వస్తే నేను ఎక్కడుంటానో ఆయనకి తెలుసు, దండెం దగ్గర ఉంటాను.

తలుపు తోశాను. లోపలి వైపు నున్నటి రేకు, పట్టుకుందామంటే పిడి కూడా లేదు. కుర్చీలకి లోపల నుంచి తలుపు తీసుకోవాల్సిన పని ఏముంటుంది. అరచేత్తో కొట్టాను. పిలిచాను. పైన వాన రేకు మీద దంచుతోంది, నా గొంతు నాకే వినబడలేదు. ఫోను వంటగదిలో ఉంది. అయిదు నిమిషాలు కొట్టి ఉంటాను. తర్వాత చెయ్యి నొప్పి పుట్టి ఆపాను. ఆపాక, మళ్ళీ కొట్టాలని అనిపించలేదు.

రేకుకి మేకులు ఊడిన చోట చిన్న చిల్లులున్నాయి. అక్కడ నుంచి వెలుతురు సన్నటి దారాల్లా దిగి నేల మీది చుక్కల మీద వాలింది. థర్మోకోలు పలకల మీద వెనక్కి వాలాను. దండెం మీద దుప్పట్లు తడిసిపోతున్నాయి. తెలుసు. పాలు బయటే ఉన్నాయి, పిల్లి దూరుతుంది. అదీ తెలుసు. కానీ నేను చేయగలిగింది ఏమీ లేదు. చేయగలిగింది ఏమీ లేకపోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. కాసేపటికి ట్రైలర్ కదులుతున్నట్టు అనిపించింది. వాన చప్పుడు చక్రాల చప్పుడైంది. ఎటు పోతోందో తెలియదు, నేను అడగనూ లేదు. దారిలో ఎవరెవరో ఎక్కారు. పరికిణీ కట్టుకున్న ఓ పిల్ల వచ్చి నా పక్కన చోటు చేసుకుని పడుకుంది. చూస్తే అది నేనే, పదో తరగతి సెలవుల్లో ఉన్నదాన్ని. మధ్యలో మా అత్తగారు కూడా కనిపించింది, పోయి తొమ్మిదేళ్ళయింది ఆవిడ. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం గది తలుపు వేసుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే బయట నుంచి, "తలుపేసుకుని అంత రహస్యంగా ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గదులకి కర్టెన్లే. స్నానాల గదిలో కూడా, గడియ పెట్టిన రెండో నిమిషానికి ఎవరో ఒకరు, "ఇంకా ఎంతసేపు," అంటూనే ఉన్నారు. ఇప్పుడు ట్రైలర్‌లో ఆవిడ ఏమీ అడగలేదు. ఆవిడకీ తన జీవితం మొత్తంలో గడియ ఉన్న గది ఒక్కటి కూడా లేదని అప్పుడు తట్టింది. ఆవిడ మీద ఇన్నేళ్ళుగా మోసిన కోపం అక్కడే ఎక్కడో దిగిపోయింది.

తలుపు తెరుచుకుంది. వాన ఎప్పుడు ఆగిందో తెలియదు. గుమ్మంలో ఆయన, వెనక తడి వెలుతురు.

"ఇక్కడున్నావా? ఇల్లంతా వెతుకుతున్నాను. టీ టైము దాటి గంటయింది."

అంటే నేను తప్పిపోయిన సంగతి టీ వల్ల బయటపడింది. దుప్పట్లు తడిశాయని కూడా చెప్పారు. ఆయన మీద కోపం రాలేదు, నవ్వూ రాలేదు. లేచి వెళ్ళి టీ పెట్టాను. పెడుతున్నంతసేపూ నా చేతులు నావి కానట్టు, నేనింకా ఎక్కడో దారిలో ఉన్నట్టు అనిపించింది.

మర్నాడు బస్సు దిగి ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళి ఒక గడియ కొన్నాను. బొటనవేలంత లావు కడ్డీ, లాగితే గట్టిగా టక్‌మంటుంది. తలుపు లోపలి వైపు నాలుగు మరలతో బిగించాను. ఆయన చూసి, "ఇది ప్లానులో లేదే," అన్నారు. "లేదండీ," అన్నాను. ఆ వారమే, పొయ్యి దగ్గర కోయాల్సిన కిటికీతో పాటు మంచం పక్కన జానెడు కిటికీ ఇంకొకటి కూడా కోశాను. అదీ ప్లానులో లేదు.

ట్రైలర్‌ని పెరట్లో ఎండలోంచి తీసి నీడకి పెట్టాల్సి వస్తే ఆయన జీపు ఎక్కి వెనక్కి తీయబోయారు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుంది. మూడుసార్లు గోడకి గుద్దబోయి, వెనక నిలబడి దారి చూపిస్తున్న నా మీద కేకలేశారు. ఆయన భోజనానికి వెళ్ళాక నేనెక్కాను. జీపు తోలడం పెళ్ళికి ముందే మా అన్నయ్య నేర్పాడు, ఆ తర్వాత తోలనిచ్చినవాళ్ళు లేరు. గుడ్డని ఎప్పుడూ లోపలి వైపు పైకి తిప్పి సుద్ద గీసేదాన్ని నేను, ఎడమ కుడి అవుతుందని నా చేతులకి ఎప్పుడో తెలుసు. రెండో ప్రయత్నానికి చెట్టు కింద నిలబడింది. ఆయన వచ్చి చూసి, "నేల వాటంగా ఉందిలే," అన్నారు.

మూడో నెల చివర్లో మా మేడమ్ పిలిచారు. మాస్టరు సొంత షాపు పెట్టుకుంటున్నాడట. కొత్తవాళ్ళని వెతికే ఓపిక లేదన్నారు ఆవిడ, బల్ల మీది గుడ్డ సవరిస్తూ.

"ఇన్నేళ్ళు గీసింది నువ్వే కదా. కోయడం కూడా నువ్వే చూసుకో. రెండు నెలలు టైముంది, ఆ తర్వాత ఒకటో తారీకు నుంచి కటింగ్ టేబుల్ నీది. చేస్తావా, వేరేవాళ్ళని చూసుకోనా?"

"వారంలోగా చెప్తాను మేడమ్," అన్నాను. హ్యాండ్‌బ్యాగులో ఉత్తరం నా పక్కటెముకలకి తగులుతూ ఉంది.

ఆ ఆదివారం కుడి గోడకి ప్లైవుడ్డు కొట్టాలి. ఆఖరి గోడ అది, మంచం కాళ్ళ వైపు వచ్చేది. ఆయన చెట్టు కింద ఉన్నారు. టేపు పెట్టి చూశాను. సరిగ్గా అయిదున్నర అడుగులు. కుర్చీ దాకా పది అడుగులు నడిచి మూడోసారి చెప్పొచ్చు. ఫ్రేము విప్పి, పలచటి చెక్క వేసి, ఎలాగోలా సర్దొచ్చు. రెండుసార్లు చెప్పినదాన్ని మూడోసారి ఎందుకు చెప్పకూడదని నన్ను నేను చాలాసేపు అడిగాను. నా పొడుగు అయిదడుగుల ఒక అంగుళం. తర్వాత బ్యాగు తెచ్చుకుని, జిప్పు అరలోంచి ఉత్తరం తీసి, థర్మోకోలు మీద పరిచి, దాని మీద ప్లైవుడ్డు ఆనించి మేకులు కొట్టాను. ఇరవై ఆరు మేకులు. ఒక్కటీ వంకర పోలేదు.

మూడోసారి చెప్పలేదు. సోమవారం మేడమ్‌తో మాత్రం, "చేస్తాను," అని చెప్పాను.

పరుపు నేనే కుట్టాను. నీలం గుడ్డ, చుట్టూ పైపింగు. అంతా అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆడపడుచు చూడడానికి వచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పొయ్యి చూపించారు, సింకు చూపించారు, అరలు తెరిచి మూసి చూపించారు. "అన్నయ్యా, ఎంత ముచ్చటగా ఉంది. పడుకో, ఫొటో తీస్తాను," అంది ఆవిడ.

రంపపు పొట్టు భయంతో ఆయన నాలుగు నెలలుగా గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఇప్పుడు తల వంచుకుని వచ్చి మంచం ఎక్కారు. తల ఈ గోడకి ఆనింది. మోకాళ్ళు లేచాయి. కిందికి జరిగారు, పాదాలు ఆ గోడని తన్నాయి. ఐమూలగా తిరిగారు, ఒక కాలు పొయ్యి మీదికి వచ్చింది. మా ఆడపడుచు ఎత్తిన ఫోను దించేసింది.

"ఇదేంటి, మంచం ఇంత చిన్నగా చేశావు?"

"మంచం చిన్నది కాదండీ. అటు మూడు, ఇటు మూడు, గోడలు లోపలికొచ్చాయి. రెండుసార్లు చెప్పాను."

"మూడోసారి చెప్పొచ్చుగా."

"చెప్పొచ్చు. చెప్పలేదు."

ఆయన కిందికి దిగి గోడల వంక చూశారు. "సరే, మంచాన్ని పొడుగు వైపుకి తిప్పేద్దాం. పది అడుగులుంది కదా."

"తిప్పొచ్చు. వంటగది తీసేస్తే చోటొస్తుంది."

"వంటగది తీసేస్తే తిండెట్లా?"

మా ఆడపడుచు నా వైపు చూసింది.

"అయితే ఆ కుడి గోడ విప్పు," అన్నారాయన. "ఇంకో రెండు నెలలు పడితే పడింది. ఎలాగూ ఉద్యోగం మానేస్తున్నావు కదా."

"విప్పాలంటే మీరే విప్పుకోండి. అందులో మీరు టైపు చేసిన ఉత్తరం ఉంది. నేను ఇవ్వలేదు. ఒకటో తారీకు నుంచి కటింగ్ టేబుల్ నాకిచ్చారు. ఏడాది తిరగడానికి రాలేను. వచ్చే నెల నాలుగు రోజులు సెలవడిగాను. ఆ నాలుగు రోజులూ దీంట్లో నేను తిరిగొస్తాను."

"మరి నేను?"

ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఇస్త్రీ చొక్కా వీపంతా నలిగిపోయి ఉంది. నిజంగానే జాలేసింది, దాచడం దేనికి. కానీ ఇరవై తొమ్మిదేళ్ళుగా జాలేసిన ప్రతిసారీ అంచుకి జరిగింది నేనే, ఇంకా జరిగితే కింద పడతాను.

"మీరు ఆలోచించుకోండి. ప్లాను మళ్ళీ గీయండి, ఈసారి లోపల నుంచి కొలిచి. ఇద్దరికీ సరిపోయేలా వస్తే అప్పుడు చూద్దాం," అన్నాను. "నేను కాసేపు పడుకుంటాను."

వాళ్ళిద్దరూ దిగారు. తలుపు దగ్గరికి లాక్కున్నాను. గడియ టక్‌మంది. మంచం మధ్యలో పడుకున్నాను. అంచు ఎటు ఉందో చేత్తో తడిమి చూసుకున్నాను, రెండు వైపులా జానెడు జానెడు దూరంలో ఉంది. తలకి పైన కాస్త చోటు మిగిలింది, కాళ్ళకి కింద కాస్త. ప్లానులో లేని కిటికీ నుంచి పలకంత ఎండ నేల మీద చుక్కల్లో పడింది. ఎక్కడికి వెళ్ళాలో ఇంకా అనుకోలేదు. నీళ్ళ ఒడ్డున ఒక మనిషి మాత్రం కనిపిస్తోంది, పొయ్యి వైపు కాదు, నీళ్ళ వైపు తిరిగి కూర్చుని ఉంది.

బయట మెల్లగా మాటలు. టీ టైము దాటుతోంది. ఈసారి నేనెక్కడున్నానో వాళ్ళిద్దరికీ తెలుసు.